దడ ఉన్నప్పుడే నాడి పట్టవలెను

(నారాయణఖేడ్ సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగము)



మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. ఆ నూరేండ్ల పండుగను పురస్కరించుకొని సంఘమునకు పనికివచ్చు ఒక సంగతి మాటలాడుమని పెద్దలు మమ్ములను కోరినారు. సంఘ చరిత్ర చెప్పుదుమని మీరు అనుకొని యుందురు. దానిని మాకంటె బాగుగా చెప్పగలవారు ఉన్నారు. మేము గుండెదడను గురించి, దడతో సొమ్మసిల్లి పడిపోవుటను గురించి చెప్పదలచినాము. మేము వేదాంత కళాశాలలో చదివినవారమే గాని వైద్య కళాశాల గడప తొక్కినవారము కాము. అయినను ఈ విషయములో మేము చేసిన ఒక పొరపాటు చాలకాలముగా మా మనస్సులో ఉన్నది. ఆ పొరపాటు తరువాత వైద్యులను అడిగి, చదివి, తెలిసికొన్నంత మీ ముందు పెట్టుచున్నాము.

కొన్ని యేండ్ల క్రిందట కోతపండుగ ఆరాధనలో ఒక చెల్లెలు పాట నడుమ గుండె పట్టుకొని కూర్చున్నది. చూచుచుండగానే పక్కకు ఒరిగిపోయినది. ఇరువది మూడేండ్ల పిల్ల, చంకలో బిడ్డ తల్లి. స్త్రీలు నీళ్ళు చల్లినారు. మేము వేదిక దిగివచ్చి మణికట్టు పట్టితిమి. నాడి మొదట దొరకలేదు. దొరికినప్పుడు లెక్కకు అందలేదు. అయిదు నిమిషములలో తానే లేచి కూర్చొని బిడ్డను అడిగినది. మేము “ఎండకు, ఉపవాసమునకు కండ్లు తిరిగినవి” అని చెప్పి ప్రార్థన చేసి ఇంటికి పంపితిమి. ప్రార్థన చేయుట తప్పని మేము అనము. ప్రార్థన చేసి, దానితో మా పని అయిపోయినదనుకొనుట తప్పు.

ఆమె మాతో అన్న మాటలు మాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నవి. “అయ్యగారూ, ఎవలో బటను వేసినట్టు గుండె ఒక్కసారే గడగడ కొట్టుకుంటది. మల్ల ఒక్కసారే ఆగుతది. నడుమల కండ్లు బైర్లు కమ్మి సోయి తప్పుతది” అన్నది. ఈ మాటలలోనే రోగ నిర్ణయము సగము ఉన్నదని తరువాత ఒక వైద్యుడు మాకు చెప్పినాడు. భయమువలన, జ్వరమువలన వచ్చు దడ మెల్లగా హెచ్చి మెల్లగా తగ్గును. బటను వేసినట్లు మొదలై బటను తీసినట్లు ఆగునది గుండెలోని కరెంటు త్రోవ తప్పుటవలన వచ్చు దడ. ఆమె చెప్పినది, మేము విన్నాము, కాని మనస్సుకు పట్టించుకొనలేదు.

తరువాత ఏమైనదో మన ప్రాంతపువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అత్తవారు బాణామతి అన్నారు. ఒకనివద్దకు తీసికొనిపోయి పొట్టమీద వాతలు పెట్టించినారు. ఆ తరువాత ఒక పట్టణములోని దవాఖానలో ఈసీజీ తీసినారు. అప్పటికి దడ లేదు గనుక కాగితము మంచిగానే వచ్చినది. “గుండెలో ఏమియు లేదు, నరముల బలహీనత” అని నిద్రమాత్రలు వ్రాసిచ్చినారు. ఆ మాటకు మేమును తల ఊపితిమి. ఏడాది గడిచినది. ఒకనాడు పొయ్యి ముందర పడి ఆమె ముంజేయి కాలినది. పుట్టింటికి పంపివేయుదుమను మాట పుట్టినది. రోగమొకటి, ఆ రోగమునకు మనము పెట్టిన పేర్లు మూడు నాలుగు. ఆ పేర్లవలననే ఆమె కాపురము కూలిపోవలసి వచ్చినది.

ఆ కాపురమును నిలిపినది మన సంఘములో నర్సుగా పనిచేయు ఒక సహోదరి. ఆమె ఒక్కటే మాట అన్నది: “అక్కా, ఈసారి దడ వచ్చినప్పుడు ఇంట్ల పండుకోకు, నీళ్ళు తాగుకుంట కూసోకు. దడ ఉండంగనే ఎవరినన్న తోడు తీసుకొని ఆటో ఎక్కి రా.” ఒక అంగడి దినమున అట్లే జరిగినది. మరదలు తోడురాగా ఆమె ఆటోలో పండుకొని వచ్చినది. వచ్చిన నాలుగైదు నిమిషములలో తీగలు పెట్టి ఈసీజీ తీసినారు. నిమిషమునకు 200కు పైగా, గడియారపు టిక్కులవలె సమానముగా, సన్నని గీతలు. ఆ జానెడు కాగితము హైదరాబాదులో ఒక వైద్యుని చేతిలో పెట్టినప్పుడు ఆయన నిమిషము కూడ చూడలేదు. రోగము పేరు చెప్పినాడు, కుదురునని కూడ చెప్పినాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పక ఉండలేము. ఈ ఈసీజీ యంత్రమును పనికివచ్చునట్లు చేసినవాడు హాలెండు దేశములోని లైడెన్ నగరపు విలెం ఐంథోవెన్. ఆయన మొదటి యంత్రము సుమారు 270 కిలోల బరువు. నడుపుటకు అయిదుగురు కావలెను. రోగి చేతులను, కాలును ఉప్పునీటి తొట్లలో ముంచి కూర్చొనవలెను. ఆ యంత్రము ప్రయోగశాలలో, రోగి ఆసుపత్రిలో. అందువలన 1905లో ఆయన కిలోమీటరున్నర దూరమునుండి టెలిఫోను తీగెమీద రోగి గుండె గీతలను తన బల్లయొద్దకు రప్పించుకొన్నాడు. నేడు మన మండలమునుండి ఫోనులో ఫోటో తీసి పంపుచున్నాము గదా, అది ఆయన ఏనాడో చేసిన పనియే. ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది 1924లో, మన దేవాలయము ప్రతిష్ఠయైన యేటనే. నూరేండ్లుగా ఆ సాధనము లోకములో ఉన్నది. మన చెల్లెలికి కావలసినది క్రొత్త యంత్రము కాదు, దడ ఉన్న ఆ పది నిమిషములలో దానియొద్దకు చేరుట. అంతే.

ఇక దడవలన సోయి ఎందుకు తప్పునో చూతము. కూర్చొని విశ్రాంతిగా ఉన్న పెద్దవారి గుండె నిమిషమునకు 60 మొదలు 100 సార్లు కొట్టుకొనును. ఈ రోగములో 150 మొదలు 220 వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పోవును. వేగముగా కొట్టుకొన్న రక్తము ఎక్కువ పారవలెను గదా అని అడుగుదురు. మన తాతలు మోట తోలినప్పటి సంగతి తలచుకొనుడి. బాన నీటిలో మునిగి నిండకముందే ఎడ్లను తోలినచో సగము బాన పైకి వచ్చును. ఎంత తొందరగా తోలిన అంత ఖాళీ బాన. గుండెయు అంతే. నిండుటకు వ్యవధి లేక పిండుచుండును. మెదడుకు రక్తము చాలదు, మనిషి కూలిపోవును. పండుకొనగానే రక్తము తలకు అందును గనుక తెలివి వచ్చును. సొమ్మసిల్లినవారిని లేపి కూర్చోబెట్టి నీళ్ళు పోయు మన అలవాటు మంచిది కాదు. పండుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టవలెను.

గుండెలో కరెంటు పుట్టు చోటు పైగదిలో కుడివైపున ఒకటి కలదు. అక్కడ పుట్టిన కరెంటు నడుమనున్న ఒక ద్వారముగుండ క్రింది గదులకు దిగవలెను. కొందరికి ఆ ద్వారమునొద్ద పుట్టుకతోనే రెండు త్రోవలుండును, ఒకటి వేగముది, ఒకటి నిదానముది. ఇంకొందరికి ద్వారముతో సంబంధము లేకుండ పైగదికి క్రింది గదికి నడుమ అదనముగా ఒక సన్నని పోగు ఉండును. దీనిని 1930లో ఉల్ఫ్, పార్కిన్సన్, వైట్ అను ముగ్గురు వైద్యులు వర్ణించినారు గనుక వారి పేర్లతోనే పిలిచెదరు. ఏ వేళనో కరెంటు ఒక త్రోవన దిగి రెండవ త్రోవన ఎక్కి, మరల దిగి, గానుగెద్దువలె గుండ్రముగా తిరుగుట మొదలుపెట్టును. ఎద్దు తిరిగినన్ని సార్లు గుండె కొట్టుకొనును. దీనినే వైద్యులు ఎస్‌వీటీ అందురు. రెండు త్రోవల రకము స్త్రీలలో ఎక్కువ. వారు చెప్పుకొన్నప్పుడు మనము ‘నరములు’, ‘భయము’, ‘అత్తపోరు’ అని కొట్టివేయుటయు ఎక్కువే.

ఆ ఎద్దును ఒక్క క్షణము ఆపగలిగిన చాలును, గుండె తన దారికి వచ్చును. దీనికి మందు లేని ఉపాయము కూడ ఒకటి కలదు. ముక్కు నోరు మూసి ముక్కుట పూర్వమునుండి తెలిసినదే. దానిని కొంచెము మార్చి ఇంగ్లండులో 428 మంది రోగులమీద పరీక్షించి 2015లో ప్రకటించినారు. రోగిని వెనుకకు వాల్చి కూర్చోబెట్టి పదిహేను సెకండ్లు గట్టిగా ఊదించవలెను. పది మిల్లీలీటర్ల ఖాళీ సిరంజిలోని పిస్టను కదలునంత గట్టిగా. వెంటనే వెల్లకిల పండుకోబెట్టి రెండు కాళ్ళు నలువదియైదు డిగ్రీలు ఎత్తి ఇంకొక పదిహేను సెకండ్లు పట్టుకొనవలెను. పాత పద్ధతిలో నూటికి 17 మందికి దడ ఆగగా, ఈ పద్ధతిలో 43 మందికి ఆగినది. రూపాయి ఖర్చు లేదు. అయితే రోగము ఇదేయని వైద్యుడు నిర్ణయించి నేర్పినవారే చేసికొనవలెను. కండ్లమీద వ్రేళ్ళతో ఒత్తుట కొన్నిచోట్ల చేయుదురు. అది కంటికి హాని, చేయరాదు. మెడనరము పిసుకుటయు ఇంటివారి పని కాదు.

మన చెల్లెలికి ఊదించినను దడ ఆగలేదు. అప్పుడు వైద్యుడు ఎడినోసిన్ అను మందు 6 మిల్లీగ్రాములు మోచేతి నరములో వేగముగా ఎక్కించినాడు. ఈ మందు ఒంటిలో పది సెకండ్లయినను నిలువదు. ఆ కొద్ది సెకండ్లే చాలును. “అయ్యగారూ, పానం పోయినట్టయ్యింది, మల్ల వచ్చింది” అని ఆమె తరువాత చెప్పినది. ఆ సమయమంతయు యంత్రమునుండి కాగితము వచ్చుచునే ఉండునట్లు సహోదరి జాగ్రత్త పడినది. దడ ఎట్లు ఆగినదో ఆ కాగితముమీద ఉండుటవలన హైదరాబాదు వైద్యునికి పని తేలికయైనది. ఆరుతో ఆగనిచో పన్నెండు ఇచ్చెదరు. రక్తపోటు పడిపోయి సోయిలేని రోగికి మందులతో కాలయాపన చేయక కరెంటు షాకు ఇచ్చెదరు. ఈ మాట విని మనవారు భయపడి రోగిని ఎత్తుకొనిపోయిన సందర్భములు ఉన్నవి. భయపడకుడి, ఆ వేళ అదియే సరియైన చికిత్స.

దడ మరల రాకుండుటకు మాత్రలున్నవి. మాత్రలు వద్దన్నవారికి, మాత్రలతో నిలువనివారికి ఇంకొక మార్గము కలదు. పూర్వము ఇందుకొరకు రొమ్ము కోయవలసి వచ్చెడిది. 1968లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయములో విల్ సీలీ అను శస్త్రవైద్యుడు ఆ అదనపు పోగును మొట్టమొదట కోసి నయముచేసినది ఒక జాలరికి. 1980వ దశకము చివరనుండి కోత అవసరము తప్పినది. తొడ మొదట సూదితో నరములోనుండి సన్నని తీగలను గుండెలోనికి పంపి, ఆ దొంగత్రోవ ఎక్కడనున్నదో కరెంటు కొలతలతో కనిపెట్టి, తీగ కొసను వేడిచేసి అక్కడ మాడ్చివేయుదురు. రెండు త్రోవల రకములో నూటికి 95 మందికి పైగా నయమగును. ద్వారమే దెబ్బతిని పేస్‌మేకరు పెట్టవలసి వచ్చు ప్రమాదము సుమారు నూటికి ఒకరికి, లేక అంతకు తక్కువ. ఆ ఒకరిని గురించి ముందుగా చెప్పి సంతకము తీసికొనెదరు. ఆ కాగితము చూచి ఆమె మామ వెనుదిరిగి పోబోయినాడు. మేము అతనితో వరండాలో గంటసేపు కూర్చుంటిమి. ఆ గంట మా పరిచర్యలో మంచి గంటలలో ఒకటి. ఆమె మూడవనాడు ఇంటికి వచ్చినది.

వచ్చినది గదా అని, దడలన్నియు ఇట్టివే అనుకొనరాదు. పైన చెప్పినది బాధించునే గాని సాధారణముగా ప్రాణము తీయదు. క్రింది గదులలోనే పుట్టు దడ ఒకటి కలదు. దానిని వీటీ అందురు. అది ప్రాణాంతకము. ఒకసారి గుండెపోటు వచ్చినవారికి, గుండె వాచి బలహీనపడినవారికి దడతో సోయి తప్పినచో దీనినే ముందుగా అనుమానించవలెను. గుండెపోటు రాని నడివయస్సువారిలోను ఇది కనబడును. దీనిని గురించి మన హైదరాబాదులోనే గొప్ప పరిశోధన జరిగినది. కేర్ ఆసుపత్రిలో డాక్టర్ సి. నరసింహన్ మొదలైన వైద్యులు, గుండె బలము తగ్గకున్నను వీటీ వచ్చుచున్న కొందరిని విడువక పరీక్షించినారు. గుండె కండలోను, రొమ్ములోని గ్రంథులలోను వాపు కనబడినది. గ్రంథి ముక్క తీసి చూడగా కొందరికి క్షయ, కొందరికి సార్కాయిడోసిస్ అను వ్యాధి. తగిన మందులు ఆ మూలమునకే ఇచ్చినారు. 2011లో ఈ సంగతిని అమెరికా హృద్రోగ వైద్యుల పత్రికలో ప్రకటించినారు. క్షయ అనగా దగ్గు, రక్తము అని మాత్రమే మనకు తెలిసినది. అది గుండెదడ రూపమున రాగలదని మన జిల్లాలో ఎందరికి తెలియును? వీటీ తిరిగి తిరిగి వచ్చువారికి రొమ్ము చర్మము క్రింద చిన్న పెట్టె అమర్చెదరు. దడ పుట్టగానే అదియే షాకు ఇచ్చును. దీనిని కనిపెట్టిన మిరోవ్‌స్కీ ప్రయత్నము ఫలించి, 1980లో మొదటిసారి మనిషికి అమర్చినారు.

పిల్లల సంగతి ఒకటి చెప్పవలెను. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అను ఇద్దరు వైద్యులు ఒక కుటుంబమును వర్ణించినారు. ఆరుగురు బిడ్డలలో నలుగురు పుట్టు చెవిటివారు. వారిలో ముగ్గురు చిన్నతనముననే హఠాత్తుగా చనిపోయినారు. చెవుడు, గుండె కరెంటు దోషము రెండును ఒకే మూలమునుండి వచ్చినవి. ఇట్టి జబ్బు తల్లి తండ్రి ఇద్దరినుండి చేరవలెను గనుక రక్తసంబంధీకుల పెండ్లిండ్లలో ఎక్కువ. మన ఇండ్లలో మేనరికములు ఎన్ని! మూగ చెవిటి బిడ్డ పరుగెత్తినప్పుడో ఉలిక్కిపడినప్పుడో పడిపోయినచో ‘మూర్ఛ’ అని గార్డినాల్ బిళ్ళలు వేయుచు కూర్చొనక ఈసీజీ తీయించుడి. ఈ జబ్బు సామాన్యముగా దడ లేనప్పుడు కూడ ఆ కాగితములో కనబడును.

మూర్ఛకు, గుండెవలన పడిపోవుటకు భేదమేమని అడుగుదురు. గుండెవలన పడినవాడు ముందు పాలిపోవును, కాళ్ళు చేతులు రెండు మూడు సార్లు కొట్టుకొనవచ్చును, కాని నిమిషములో లేచి తనవారిని గుర్తుపట్టును. మూర్ఛలో నాలుక పక్క కొరుకుకొనుట, లేచిన తరువాత చాలసేపు మత్తుగా, అయోమయముగా ఉండుట కనబడును. కల్తీ కల్లు అలవాటై హఠాత్తుగా మానినవారికి రెండు మూడు దినములలో దడ, వణకు, ఫిట్స్ వచ్చును. 2015లో మన జిల్లాలో ఎందరో ఆసుపత్రుల పాలైనది మీరెరుగుదురు. రక్తహీనత, థైరాయిడు, వాంతులు విరేచనములు, ఉబ్బసపు మాత్రలు, ఇవన్నియు నాడిని పరుగెత్తించును. అందువలన వైద్యుడు రక్తపరీక్ష వ్రాసినప్పుడు ‘గుండెకు రక్తముతో పనియేమి’ అని వాదించకుడి.

పని చేయుచుండగా లేక పరుగెత్తుచుండగా పడిపోయిన, దడతోపాటు రొమ్ము నొప్పి ఆయాసము ఉన్న, ఇంటిలో చిన్న వయస్సున ఎవరైనను నిద్రలోనో ఉన్నపాటుననో చనిపోయి యున్న, ఆ మనిషిని ఆ దినమే పెద్ద ఆసుపత్రికి చేర్చుడి. 108 బండ్లు 2005 ఆగస్టు 15నుండి మన రాష్ట్రములో తిరుగుచున్నవి, పిలుచుటకు మొహమాటమెందుకు? పడినవాడు పలుకక, ఊపిరి తీయక ఉన్నచో 108కి చెప్పి, రొమ్ము నడుమ రెండు అరచేతులు పెట్టి నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, రెండంగుళముల లోతు, బండి వచ్చువరకు ఒత్తవలెను. ఖర్చు విషయములో ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసికొనిపోయి, ఏ చికిత్స అందులో ఉన్నదో అక్కడి ఆరోగ్యమిత్రను ముందుగానే అడుగుడి. ఈసీజీ తీసిన ప్రతిసారి ఒక నకలు అడిగి తీసికొని, తారీఖు, వేళ, అప్పుడు దడ ఉన్నదా లేదా అనునది వెనుక వ్రాయించుకొనుడి. దడ లేనప్పుడు తీసిన కాగితము మంచిగా ఉన్నదని రోగి అబద్ధమాడినట్లు కాదు. దడ ఎప్పుడో గాని రానివారికి ఒక దినమో అంతకు ఎక్కువో ఒంటికి తగిలించు చిన్న యంత్రము ఉన్నది. హోల్టర్ అని అడుగుడి.

డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరచిన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారి కాలమున ఆ రోగమును శాపమనెడివారు. ఆ మాటను ఆమె మందుతో మాన్పించినది. మన చెల్లెలి పొట్టమీది వాతల మచ్చలు మాత్రము అట్లే ఉన్నవి. ముంజేతి మచ్చయు ఉన్నది. ఆమె ఇప్పుడు పత్తి ఏరుటకు పోవుచున్నది, రెండవ బిడ్డ కూడ కలిగినది. ఆమె అనుమతితోనే ఇదంతయు చెప్పినాము. పేరు మాత్రము వద్దన్నది.

ఆ నాటి కాగితపు నకలు మా బంగళాలో ఉన్నది, చూడగోరువారు రావచ్చును. ఇప్పుడు అందరును కుడిచేతి మూడు వ్రేళ్ళు ఎడమ మణికట్టుమీద, బొటనవ్రేలి దిక్కున పెట్టుడి. గట్టిగా ఒత్తకుడి. గోడ గడియారములో సెకండు ముల్లు పన్నెండు మీదికి రాగానే చెప్పెదము. ముప్పది సెకండ్లు లెక్కించి దానిని రెట్టింపు చేయుడి. తల్లులు ముందు తమది చూచి, తరువాత పిల్లలది చూడుడి.